అడ్డు కాగితం లేని పేజీ

ఆ ఉదయం ఆల్బమాయన తన చొక్కా చేతిని ఎవరో పెళ్లికూతురి మేనత్తకు అతికించుకున్నాడు. మేనత్త ఫొటోలోనే ఉంది కాబట్టి గొడవేమీ జరగలేదు. కత్తెర తీసుకుని చొక్కానే కత్తిరించాడు. చొక్కా ఇంకోటి కుట్టించుకోవచ్చు, మేనత్తను మళ్లీ ఆ పెళ్లికి రప్పించలేం కదా అన్నది ఆయన ఆలోచన.

పెళ్లి ఆల్బమ్ మనుషుల కంటే ఎక్కువ కాలం ఉండాలని ఆయన పంతం. దారంతో కుట్టేవాడు. పేజీకీ పేజీకీ మధ్య పల్చటి అడ్డు కాగితం వేసేవాడు. ఒక్క చోట మాత్రం వేసేవాడు కాదు. సరిగ్గా మధ్యలో, ఎడమ పేజీ నిండా పెళ్లికొడుకు ముఖం, కుడి పేజీ నిండా పెళ్లికూతురి ముఖం. ఆల్బమ్ మూస్తే రెండూ కలుస్తాయి. “మధ్యలో కాగితం అడ్డం పెడితే ముద్దెలా పెట్టుకుంటారండీ?” అని, పెద్దవాళ్లు పక్కన లేకుండా చూసి, కొత్తజంటతో అనేవాడు. వాళ్లు సిగ్గుపడేవాళ్లు. ఆయన అంతకంటే ఎక్కువ సిగ్గుపడేవాడు.

మధ్యాహ్నం ఆయన భార్య తన చెల్లెల్ని వెంటబెట్టుకుని షాపుకు వచ్చింది. చెల్లెలి చేతుల్లో దుప్పటి చుట్టిన ఆల్బమ్. అది ఆయన చేసిన మొట్టమొదటి ఆల్బమ్.

“పైకప్పు కారి బీరువాలోకి నీళ్లొచ్చాయి బావా. అన్నీ బాగానే ఉన్నాయి, మధ్య పేజీలే విడిపోవట్లేదు.”

భార్య ఊరుకోలేదు. “నూరేళ్లు ఉంటుందని దాని పెళ్లిలో అందరి ముందూ కోతలు కోశారుగా!”

“ఉందిగా. తెరుచుకోవట్లేదంతే.”

ఎవరూ నవ్వలేదు. చెల్లెలి భర్త తలలో నరం చిట్లి ఆస్పత్రి పాలై, ఈమధ్యే ఇంటికొచ్చాడు. తన కళ్లజోడు ఏ సొరుగులో ఉంటుందో ఆయనకు తెలుసు. భార్య ఎవరో తెలియదు. “పొద్దస్తమానం ఇక్కడే ఉంటున్నారు, మీ ఇంట్లోవాళ్లు ఏమీ అనుకోరాండీ?” అని ఆమెను మర్యాదగా అడుగుతున్నాడు. పాత రోజులు కాస్త మిగిలి ఉండొచ్చు, అప్పటి ఫొటో పెద్దది చూపించి చూడండి అన్నాడు డాక్టరు. మిగతా పేజీల్లో ఆమె ముఖం శనగగింజంతే ఉంది. ఫొటోగ్రాఫరు ఎప్పుడో పోయాడు, ఆయనతోపాటే నెగటివ్‌లూ పోయాయి.

ఆల్బమాయన కుట్టు విప్పి, అతుక్కున్న రెండు పేజీల్నీ బయటికి తీశాడు. వెలుతురుకు పెట్టి చూశాడు.

“ఒక్క ముఖమే దక్కుతుందమ్మా. ఎవరిది కావాలి?”

“నాదే. ఆయన్ని నేను గుర్తుపడుతున్నానుగా!”

ఆవిరి పట్టి, సన్నటి పట్టుదారం మధ్యలోకి పోనిచ్చి, కోస్తున్నట్టు అటూ ఇటూ లాగాడు. జుట్టు వచ్చింది. చెవికమ్మ వచ్చింది. “వస్తోంది, వస్తోంది” అంది భార్య, తిట్టడం మరిచిపోయి. చెంప దగ్గర దారం ఆగింది. కొంచెం లాగాడు. బొమ్మ పైపొర ముడతలు పడి చుట్టుకుపోయింది. చదును చేద్దామని వేలితో తాకితే ముక్కలై వేలికే అంటుకుంది. కింద పెళ్లికొడుకు మాత్రం చెక్కుచెదరకుండా నవ్వుతున్నాడు.

ఒక ముక్క మీద సగం కనుబొమ ఉంది.

“మళ్లీ అతికించు బావా. జిగురు నీకేమైనా కొత్తా?”

“అతకదమ్మా.”

“ఒక్క కాగితం,” అంది భార్య మెల్లగా. “ఒక్క కాగితం వేసుంటే సరిపోయేదండీ.”

ఆయన తల ఊపాడు. చెల్లెలు స్టూలు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంటికి వెళ్తే ఆ పెద్దమనిషి తలుపు దగ్గరే చేతులు జోడించి, ఎవరు కావాలండీ అంటాడు.

ఆల్బమాయన అట్టలు కోసే కత్తి తీశాడు. పెళ్లికూతురి పేజీలో జుట్టుకీ మెడకీ మధ్య తెల్లగా మిగిలిన చోటును గుండ్రంగా కోసేశాడు. అంచులు గీసుకోకుండా గరుకు కాగితంతో రుద్ది, చుట్టూ మెత్తటి గుడ్డపట్టీ అంటించాడు.

చెల్లెలు తలెత్తి చూసి గొల్లుమంది. “అయ్యో బావా! ఉన్నదానికీ చిల్లు పెట్టేశావేంటి? ఇప్పుడాయనకి నేనేం చూపించాలి?”

“వెనక నుంచి అందులో నీ ముఖం పెట్టు తల్లీ, పక్కపేజీలో ఆయనెలాగూ నీకేసి చూస్తూనే ఉన్నాడు.”