బొట్టు పెట్టిన ఫ్లాపీ

మొన్న సజ్జ మీది అట్టపెట్టె దింపితే, ముగ్గిన కాగితాల వాసనతో పాటు అరచేతికన్నా కాస్త పెద్దదైన నల్లటి ఫ్లాపీ ఒకటి చేతికొచ్చింది. మా అబ్బాయికి అదేమిటో తెలియదు. నేను మాత్రం ఇప్పటికీ దాన్ని అంచులు పట్టుకునే పైకి తీశాను.

నా చిన్నప్పుడు బోయిగూడలో మా ఇంటి ముందుగదిలో, పాత దుప్పటి కప్పుకుని ఉండేది మేనత్త కంప్యూటర్. దానిలోపల ఏదీ నిలవదు, ఎక్కించినదంతా ఫ్లాపీ మీదే దాచుకోవాలి. అత్త బతుకమ్మ పాటల మీద పరిశోధన చేస్తూ, రాంగోపాల్‌పేట్ దాకా గల్లీలన్నీ తిరిగి, ముసలమ్మల చేత పాడించి క్యాసెట్‌లో పట్టుకొచ్చేది. ఇంట్లో నాయనమ్మ చేత కూడా ఒకటి పాడించింది. పాటను కంప్యూటర్‌లో టైపు చేశాక ఆ క్యాసెట్ మీదే ఇంకొకరిది పట్టేది. పాడినవాళ్లలో కొందరు అప్పటికే పోయారు. రెండో కాపీ తీసి పెట్టుకోవాలన్న బుద్ధి మా ఇంట్లో ఎవరికీ పుట్టలేదు.

ఆ ఏడు దసరా నాడు, తంగేడు, గునుగు పూల పచ్చివాసన ఇంకా ఇల్లు వదలకముందే, వంటింట్లో గారెలు వేగుతుండగా, నాన్న కడిగి పెట్టిన స్కూటర్ మొదలు కత్తిపీట దాకా పనిచేసే ప్రతిదానికీ తడిగంధం అద్ది కుంకుమ పెట్టుకుంటూ నాయనమ్మ ముందుగదిలోకి వచ్చింది. కంప్యూటర్ పక్కన ఆ పాటలన్నీ దాచిన ఫ్లాపీ ఉంది. ఫ్లాపీకి లోపలి గోధుమరంగు ఫిలిం కనిపించే సందు ఒకటి ఉంటుంది, వేలు కూడా తగలకూడని చోటు. ఆమె కంటికి అదే ముఖంలా తోచిందేమో, సరిగ్గా అక్కడే బొట్టు పెట్టింది.

అత్త చూసి కుర్చీలో కూలబడింది. "దీనికి సుత పెట్టినవా అమ్మా?"

"పనిచేసే సామాను గద బిడ్డా, పెట్టకుంటెట్ల?"

తన ఆఫీసులో ఒకసారి ఫ్లాపీ మీద చాయ్ ఒలికితే ఇలాగే కడిగారని చెప్పి, అత్త, అట్ట అంచు కత్తిరించి, లోపలి పలచటి బిళ్లను సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో ముంచి, మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టింది. దుమ్ము పడుతుందని ఫ్యాను వేయనివ్వలేదు. గారెలు ఎవరూ ముట్టలేదు. నాయనమ్మ గడప దగ్గర కూచుని కుంకుమ వేళ్లను కొంగుకు తుడుచుకుంటూనే ఉంది. ఆరాక బిళ్లను కొత్త ఫ్లాపీ తొడుగులో దూర్చి, అత్త దాన్ని కంప్యూటర్‌లోకి తోసింది. గరగరమంది, ఆగింది, మళ్లీ గరగరమంది. కరెంటు పోకూడదని నేను దేవుడికి మొక్కుకున్నాను.

పాటలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. పోయినవాళ్లవన్నీ వచ్చాయి. నాయనమ్మ పాట మాత్రం తెరుచుకోలేదు.

"నాదే గద, పోతే పోనీ. నేనున్న, మల్ల పాడ్త," అంది నాయనమ్మ. అప్పుడుగానీ ఇంటిల్లిపాదికీ నవ్వు రాలేదు.

ఎప్పుడూ ఇంట్లోనే ఉండే మనిషి కదా, ఎప్పుడైనా పాడించుకోవచ్చనుకున్నాం. మరుసటి బతుకమ్మకు ఆమె లేదు. ఇప్పుడు మా గల్లీలో ఆ పండుగంటే స్పీకర్ల మోతే. అత్త పుస్తకంలో చుట్టుపక్కల ముసలమ్మలందరి పాటలూ ఉన్నాయి. నాయనమ్మ పాటలో మొదటి చరణం అత్తకూ నాకూ వచ్చు. రెండోది ఎవరికీ రాదు.