కంచె వద్దన్న వంతెన: మా సుగుణ మేడం

సుగుణ మేడం ఇక లేరని పోయిన ఆదివారం కరీంనగర్ నుంచి సహోద్యోగి ఫోన్ చేసి చెప్పారు. మధ్యాహ్నం భోంచేసి, పడక కుర్చీలో కునుకు తీస్తూనే శాశ్వత నిద్రలోకి జారుకున్నారట. అనాయాస మరణం పుణ్యాత్ములకే దక్కుతుందంటారు. ఆ మాట ఊరటనిచ్చినా, మొన్నమొన్నటిదాకా నా వ్యాసాలు దిద్దిన గురువు లేరన్న సత్యం ఇంకా మనసుకెక్కడం లేదు.

వంతెనలను విధ్వంసం నుంచి కాపాడుకోవడమెలా అన్నది ఆమె జీవితకాల పరిశోధన. ఆ విషయాన్ని ఆమె గ్రంథాలయంలో వెతికి పట్టుకోలేదు. బోథ్ దగ్గరి పల్లె ఆమెది. చదువుకునే రోజుల్లో ఊరి వాగు మీది వంతెనను అడవిలోని దళం పేల్చేసింది. ఆ వానకాలం నొప్పులు పడుతున్న మేనత్తను మంచం మీద మోసుకుపోయిన తండ్రి, చిన్నాయన వరద ఉధృతి చూసి ఒడ్డు నుంచే వెనుదిరిగారు. తల్లీబిడ్డా దైవికంగా బతికారు గానీ, వాళ్ల వెంట వెళ్లి ఆ ఒడ్డున నిలబడి పడిన భయమే తనను ఇంజనీరును చేసిందనేవారు మేడం.

మా కళాశాలలో ఏళ్ల తరబడి చిన్న చిన్న నమూనా స్తంభాలు పోయించి పరీక్షించారు. ఒక స్తంభం పోయినా మిగతావి బరువు పంచుకొని నిలబడాలన్నది ఆమె సిద్ధాంతం. "దెబ్బ తగలకుండ ఆపుడు మనతోటి కాకపోవచ్చు బిడ్డా. కని ఒక్క దెబ్బకే అంత కూలొద్దు" అని మాకు చెప్పేవారు.

ఆ దళంలో పనిచేసి లొంగిపోయిన ఒకాయన భైంసాలో చాయ హోటల్ నడుపుతున్నాడని తెలిసి, ఒకసారి నన్ను వెంటబెట్టుకొని వెళ్లారు. నాకు లోపల గుబులే. మేడం తన ఊరి పేరు చెప్పగానే ఆయన తల దించుకున్నాడు. ఆమె నిష్ఠూరమాడలేదు. ఆ దారిలో రెండు వంతెనలుండగా దాన్నే ఎందుకు ఎంచుకున్నారని మాత్రం అడిగారు.

"ఇంకో దాని కింద బట్టలుతికే రేవుండె మేడం. ఎప్పుడు జూసినా ఆడోళ్లు, పిల్లలు. గా వాగు కాడ ఎవ్వరుండకపోయేది" అన్నాడాయన.

మేనత్త సంగతి కూడా మేడం దాచలేదు. ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. బతికిందా అని మెల్లగా అడిగాడు. "బతికింది. గప్పుడు పుట్టిన పిల్లకు పెండ్లి గూడ అయింది. నువ్వు నిమ్మళంగుండు" అని, ఆయన పోసిన చాయ తాగి లేచారు.

తర్వాత ఆ వాగు మీదే కొత్త వంతెన కట్టేటప్పుడు అధికారులు ఆమె సలహా అడిగారు. స్తంభాలు ఆమె చెప్పినట్టే కట్టడానికి ఒప్పుకున్నారు. కింద మాత్రం ఎవరూ తిరగకుండా ముళ్లకంచె వేస్తామన్నారు. మేడం ససేమిరా అన్నారు. నీళ్ల దాకా మెట్లు, పశువులకు బాట, ఒక దీపం కావాలన్నారు. జనాన్ని అడ్డం పెట్టుకుంటారా అని పెద్ద అధికారి కటువుగానే అడిగారు.

"అడ్డం పెడతలేను సారూ. వాగు వాళ్లదే. కంచె ఏస్తే అది ఎవ్వరు చూడని జాగైతది. చెడు జేసెటోడికి గసొంటి జాగనే గావాలె. నలుగురు మసిలే కాడ కొత్త మనిషి అడుగు పెట్టంగనే తెలుస్తది."

నెలల వాదన తర్వాత అధికారులు కంచె ఆలోచన విరమించుకున్నారు. నేటికీ ఆ వంతెన నీడన ఆడవాళ్లు బట్టలుతుకుతారు, గొర్లు నీళ్లు తాగుతాయి.

పోయిన నెల మేడంను చూడబోయినప్పుడు, ఇన్నేళ్ల శ్రమకు నిజమైన పరీక్ష ఎన్నడూ ఎదురుకాలేదని, అందుకే దాని విలువ లోకానికి తెలియలేదని బాధపడ్డాను. మేడం హాయిగా నవ్వారు.

"పరీక్ష రాలేదంటే సంతోషమే గదా బిడ్డా. జనం పోతుండ్రు, వస్తుండ్రు. ఇంకేం గావాలె?"

ఏమీ జరగకపోవడమే తన విజయమని ఇంత తృప్తిగా నమ్మిన విదుషిని నేను మరొకరిని ఎరుగను. ఇకముందు చూస్తానన్న ఆశా లేదు. ఆమె పాదాలకు ఈ శిష్యుడి కడసారి ప్రణామం.