నాన్న కాళ్ళ దగ్గర తడి

ఆ చలికాలం నాన్నను డయాలసిస్‌కి వినుకొండ నుంచి గుంటూరు తీసుకెళ్ళే పని నాది. తెల్లవారుతూనే బయలుదేరేవాళ్ళం. రోడ్డు పక్క పత్తి చేలు మంచులో కనిపించేవి కావు. నాన్నకు చలి ఎక్కువ. ముందు సీట్లో కూర్చుని హీటర్ పెట్టమనేవాడు. మా పాత కారులో దాన్ని అంతకుముందు వాడిన గుర్తు లేదు.

డాక్టరు ఆయన్ని నీళ్ళు కొలతగా తాగమన్నాడు. ఆ కొలత చూసే బాధ్యత మాతోపాటు వచ్చే అమ్మది. ఒకరోజు కారు దిగేటప్పుడు నాన్న కాళ్ళ దగ్గర మ్యాట్ తడిగా ఉండటం అమ్మ చూసింది. దొంగచాటుగా తాగబోయి ఒలకబోసుకున్నాడని తేల్చేసింది. సీటు కింద, ఆయన సంచిలో వెతికితే ఏమీ దొరకలేదు. మరుసటి ప్రయాణంలోనూ మ్యాట్ తడిసింది.

"సీసా ఎక్కడ దాస్తున్నారో చెప్పండి," అంది వెనక సీట్లోంచి.

"నేను తాగలేదు," అన్నాడు నాన్న. ఆసుపత్రిలో తూచి, బరువు పెద్దగా పెరగలేదని నర్సు చెప్పింది. అమ్మ నమ్మలేదు. నేను ఇద్దరి మధ్యా కల్పించుకోలేదు.

ఆ తర్వాతి సారి నరసరావుపేట దాటాక ఇంజను వేడి చూపించే ముల్లు పైకి లేచింది. కారు పక్కకు ఆపి, చల్లబడేదాకా ఆగి బానెట్ ఎత్తాను. ఇంజన్ను చల్లబరిచే కూలెంటు ఈమధ్యే నింపాను, ఆ డబ్బా ఖాళీగా ఉంది. కారు కింద చుక్క లేదు, పైపులన్నీ పొడిగానే ఉన్నాయి. మరి ఎక్కడికి పోయినట్టు? కారు లోపల మసకబారిన ముందు అద్దం తుడిస్తే గుడ్డకు జిడ్డు అంటింది. తీపి వాసన కూడా వస్తోంది. వంగి నాన్న కాళ్ళ దగ్గర మ్యాట్ తాకాను. వేళ్ళకు బంకగా, ఆకుపచ్చగా అంటుకుంది.

"ఇవి నీళ్ళు కావమ్మా, కూలెంటు," అన్నాను.

అమ్మ కూడా తాకి, వాసన చూసింది. డిక్కీలోని క్యాను తీసుకుని, పక్క మిరప చేలో మోటారు దగ్గర నీళ్ళు పట్టుకొచ్చింది. అవి పోసి, హీటర్ ఆపేసి, మెల్లగా ఆసుపత్రికి చేరాం.

నాన్నను లోపల పడుకోబెట్టాక కారు మెకానిక్‌కి చూపించాను. పంపుతో గాలి ఒత్తిడి పెట్టి చూసి, డాష్‌బోర్డు వెనక హీటర్‌కుండే చిన్న రేడియేటర్‌కు చిల్లు పడిందన్నాడు. ఈ కారులో హీటర్ వేస్తేనే కూలెంటు అటు వెళ్తుందట. అందుకే ఎండాకాలంలో బయటపడలేదు. కొత్తది వేయాలంటే డాష్‌బోర్డంతా విప్పాలి. అప్పటికి కూలెంటు హీటర్‌లోకి పోకుండా, దానికి వెళ్ళే పైపులు రెండూ కలిపేశాడు.

తిరుగు ప్రయాణంలో అమ్మ ముందు సీటు వైపు వంగింది.

"మిమ్మల్ని ఊరికే అన్నాను," అంది నాన్నతో.

"చెప్పాను గదా," అన్నాడు నాన్న. అంతే. తర్వాత ఇడ్లీ తిందామని ఆయనే కారు ఆపించాడు.

మిగిలిన చలికాలమంతా నాన్న రగ్గు కప్పుకునే వచ్చాడు. ముందు అద్దానికి లోపల ఆవిరి పట్టకుండా నా పక్క అద్దం కాస్త దించేదాన్ని. చలిగాలి కొడుతోందని ఇద్దరూ కలిసి నన్ను కోప్పడేవాళ్ళు.