తుమ్మితే ఆగిన సఫారీ

దోహా వచ్చిన కొత్తలో, ఆ రోజుల్లో, నాకు రెండు నమ్మకాలుండేవి. ఒకటి, నేనిక పల్లెటూరివాణ్ణి కానని. రెండోది, శకునాలూ గికునాలూ నాకు పట్టవని. రెండూ ఒకే శుక్రవారం పొద్దున పోయాయి. అప్పుడు దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో ఒక టూర్ల ఆఫీసులో గుమాస్తాని. మా ఆఫీసు బిల్డింగు సెక్యూరిటీ గార్డు కెన్యావాడు, అందరం 'కెప్టెన్' అనేవాళ్ళం. వాళ్ళ దేశంలో ఏనుగులూ సింహాలూ తిరిగే అడవిలో జనాన్ని కాలినడకన తిప్పే గైడుగా పనిచేశాడట. (అలాంటివాడు లిఫ్టు ముందు కుర్చీలో కూర్చుంటే నాకు కడుపు తరుక్కుపోయేది.) మా మేనేజరుగారు ఎడారిలో నడక టూర్లు పెడదామనుకుంటున్నారని తెలిసి, కాళ్ళావేళ్ళా పడి అతనికి ఒక అవకాశం ఇప్పించాను. ఒక్క నడక. నచ్చితే గైడు ఉద్యోగం, లేకపోతే మళ్ళీ ఆ కుర్చీయే.

ఆ శుక్రవారం ఎడారిలో టూరిస్టులుగా నేనూ, నజ్మా పేటలో నా గదిలో ఉండే జగిత్యాల షట్టరింగ్ మేస్త్రీ 'మామ', వెనకాల మేనేజరుగారు. కెప్టెన్ గుప్పెడు ఇసుక జారవిడిచి గాలి ఎటు వీస్తోందో చూసుకున్నాడు. ఒకరి వెనక ఒకరు నడవాలి, మాట్లాడకూడదు, తను పిడికిలి ఎత్తితే ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి. "యల్లా", ఇక పదండి, అన్నాడు. నేను తుమ్మాను.

"ఆగున్రి! బయల్దేరంగనే తుమ్మిండు. జర కూసోని, నీళ్ళు తాగి పోదాం" అని మామ కూలబడ్డాడు. శకునాలు పట్టని నేనూ ఎందుకో కూర్చున్నాను. పిడికిలి ఎత్తకుండానే లైను ఆగిపోయేసరికి కెప్టెన్ వంగి పొదలవైపు చూస్తూ, "క్యా హువా? సాంప్?" అని గుసగుసలాడాడు. పాము కాదు, తుమ్ము అని చెబుదామంటే ఏ భాషలోనూ నాకే అర్థమయ్యేట్టు రాలేదు. లేచి పదడుగులు వేశామో లేదో, ఆ దుమ్ముకి ఇంకోటి. "రెండైతే మంచిదే గని, ఎంబడెంబడే రావాలె. ఇది లెక్కకు రాదు" అన్నాడు మామ. మళ్ళీ కూర్చున్నాం. కెప్టెన్ ఇసుకలో ఏ జంతువు జాడల కోసమో వెతికాడు. మూడోసారి కూర్చున్నప్పుడు మా ముఖాలే వెతికాడు.

"ఏమయ్యా, ఇది నడిచే టూరా, కూర్చునే టూరా? మన కారు ఇంకా కనబడుతూనే ఉంది!" అన్నారు మేనేజరుగారు. కెప్టెన్ తల దించుకున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. (ఏడిస్తే ముక్కు కారి మళ్ళీ తుమ్మొస్తుందని ఆపుకున్నాను.) "చూసింది చాల్లే, పోదాం పదండి" అని మేనేజరుగారు కారువైపు తిరిగారు. తిరుగుతూనే గట్టిగా తుమ్మారు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

కెప్టెన్ పిడికిలి ఎత్తాడు. అందరం ఆగాం. ఇసుక మీద తన తువ్వాలు పరిచి, సీసా మూత తీసి, ఎంతో గంభీరంగా, "బాస్, బైఠో. పానీ పియో" అన్నాడు. మేనేజరుగారు అటూ ఇటూ చూసి, కూర్చున్నారు. రెండు గుక్కలు తాగి, నావైపు చూడకుండా, "ఆదివారం నుంచి డ్యూటీకి రమ్మను" అన్నారు.

కెప్టెన్ ఇప్పుడు సొంత దేశంలో, మళ్ళీ తన ఏనుగుల మధ్య జనాన్ని నడిపిస్తున్నాడు. బయల్దేరేముందు ఎవరు తుమ్మినా కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తున్నానని మొన్న ఫోన్లో చెప్పాడు. ఎందుకని వాళ్ళడిగితే ఏం చెబుతావన్నాను. "నువ్వు నాకు చెప్పావా ఏమిటి?" అన్నాడు. నేను ఇప్పటికీ శకునాలు నమ్మను. ఇవాళ పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ తుమ్మాను. ఆగమనడానికి గదిలో మామ లేడు, ఊరెళ్ళిపోయి రెండేళ్ళయింది. నేనే కుర్చీ లాక్కుని కూర్చుని, నిదానంగా నీళ్ళు తాగాను. మెట్రో తప్పిపోయింది.