డబ్బా కంటే ముందు లేచిన కంప్యూటర్

ఆత్మకూరులో నేను పనిచేసే కంప్యూటర్ షాపులో ఎవరిదో ల్యాప్‌టాప్ విప్పి, స్క్రూలన్నీ ఒక మూతలో పోసుకుని కూర్చుని ఉండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మాది ఉదయగిరి. ఇంట్లో ఉర్దూ, తెలుగు కలగాపులగంగా నడుస్తాయి గానీ, కంగారు పుడితే అమ్మీ నోట తెలుగే వస్తుంది. ఆ రోజు మొదటి మాటే తెలుగులో వచ్చింది.

"రే, టీవీలో మీ ఆపా లేదురా."

ఆపా అంటే మా అక్క.

"లేదంటే ఏంది? టీవీ రావడంలేదా?"

"టీవీ బాగానే వస్తా ఉండాది. ఆపానే లేదు. నల్లగా ఉండి, ఏందో ఇంగ్లీషులో రాసుండాది. పిల్ల అన్నం ముందర కూర్చోని ఒకటే ఏడుపు. నువ్వేం చేసినావో ఏందో!"

పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాణ్ణి నేనేం చేస్తాను? ఒళ్ళు మండింది. మా ఇంట్లో ఫ్యాను ఆగినా నేనే కారణం.

అక్క కువైట్‌లో ఒకళ్ళింట్లో పనిచేస్తుంది. బావ అంతకు ముందే తన దారి తాను చూసుకున్నాడు. ఆయన సంగతి ఎత్తితే నా నోరు మంచిది కాదు, వదిలేద్దాం. అక్క బిడ్డకు పాలు మాన్పించి, అమ్మీ ఒళ్ళో పెట్టి విమానం ఎక్కింది. ఆమెకున్న భయం ఒక్కటే. "నేను తిరిగొచ్చేసరికి నా బిడ్డ నన్నెవరో అనుకుంటాదిరా" అని పోయేటప్పుడూ ఏడ్చింది, పోయాకా అదే మాట. వీడియో కాల్‌కి శుక్రవారం మాత్రమే వీలవుతుంది. ఆ కాల్‌లో బొమ్మ నిలవదు, మాట అతుకులు అతుకులుగా వస్తుంది. పిల్ల భయపడి నానీ వెనక, అంటే మా అమ్మీ వెనక, దాక్కునేది. ఎంత బుజ్జగించినా ఫోన్‌లో ఉన్న మనిషిని అమ్మీ అని పిలిచేది కాదు. అక్క నవ్వుతూ "పర్లేదులే" అనేది.

అందుకే వీడియోలు మొదలుపెట్టాం. పని మధ్యలో సందు దొరికితే అక్క తనను తాను తీసి పంపేది. కథ చెప్పేది, జడ వేసుకుంటూ మాట్లాడేది, అన్నం ముద్ద కెమెరా ముందుకు చాపి "ఆ అను" అనేది. ఇక్కడ పిల్ల నోరు తెరిస్తే అమ్మీ ముద్ద పెట్టేది. తన వంటింట్లో ఫోన్ పట్టుకుంటే అక్కడి యజమానురాలికి గిట్టదు కాబట్టి అక్క పంపిన వెంటనే తుడిచేసేది. ఇంట్లో భద్రంగా ఉన్నాయి కదా అని నా ఫోన్‌లోంచి నేనూ తీసేసేవాణ్ణి. ఇప్పుడు చెప్పండి, ఆ ఇంట్లోవే పోతే?

ఆ వీడియోల కోసమే అప్పట్లో షాపులో పక్కన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి, హార్డ్‌డిస్క్ పెట్టే డబ్బా ఒకటి ఇంటికి పట్టుకెళ్ళి అమర్చాను. వీడియోలుండేది డబ్బాలో. వాటి జాబితా రాసుకుని టీవీలో బొమ్మలుగా పేర్చేది కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్. రెండూ రౌటర్ ద్వారా మాట్లాడుకుంటాయి. పిల్ల రిమోట్ నొక్కితే కంప్యూటర్ డబ్బాని అడిగి వాళ్ళమ్మను తెచ్చి చూపిస్తుంది.

"డబ్బా మీద లైటు వెలుగుతా ఉండాదా?" అన్నాను ఫోన్‌లో.

"వెలుగుతా ఉండాది."

"లోపల టిక్ టిక్ అని శబ్దం ఏమన్నా వస్తా ఉండాదా?"

"పిల్ల ఏడుపులో టిక్కూ టక్కూ ఏం వినపడతాయిరా నాకు!"

"పొద్దున ఉరిమిందా?"

"ఉరమకేం! కొండ పగిలినట్టు ఉరిమింది."

అయిపోయింది అనుకున్నాను. పిడుగుకి డిస్క్ కాలిపోయి ఉంటుంది. ఏమీ నొక్కొద్దని, ఎవరినీ ముట్టుకోనీయొద్దని చెప్పి లేచాను. "గిరాకీ టయానికి యాడికిరా?" అని ఓనర్ వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు.

బస్సులో కూర్చున్నానన్న మాటే గానీ ప్రాణం ప్రాణంలో లేదు. డ్రైవర్ టీ కోసం ఆపితే ఆయన మీద కూడా కోపం వచ్చింది. అక్కకి ఏమని చెప్పాలి? మళ్ళీ తియ్యమని చెప్పొచ్చు, కానీ వాటిల్లో సగం పిల్లకు నడక వచ్చిన రోజుల్లోవి. ఆ రోజుల్ని ఎక్కడి నుంచి తియ్యమంటాను?

ఇంటికెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా ఫోన్‌లో డబ్బా అడ్రస్ కొట్టాను. తెరుచుకుంది. ఫోల్డర్లన్నీ ఉన్నాయి. ఒకటి నొక్కితే అక్క గొంతు వినిపించింది. నేలమీద కూలబడి, "హమ్మయ్య" అని పైకే అన్నాను.

మరి టీవీలో ఎందుకు లేవు? అప్పుడు అమ్మీని నిలదీశాను.

మా వీధిలో కొండ మీద ఉరుము వినపడితే ఏ ఇంట్లోనూ స్విచ్చి ఆపి ఊరుకోరు. ప్లగ్గులన్నీ పీకి, వైర్లు చుట్టి, పైన గుడ్డ కప్పాల్సిందే. ఒకప్పుడు ఒకింట్లో టీవీ కాలిన దగ్గర్నుంచీ ఇదే ఆచారం. అమ్మీ కూడా అన్నీ పీకింది.

"మళ్ళీ ఎట్ట పెట్టినావు?"

"పెద్దవి ముందు పెట్టినా. ఫ్రిజ్జు, టీవీ, కంప్యూటరు. డబ్బా చిన్నది గదా, టీ తాగినాక పెట్టినా."

తల పట్టుకున్నాను. గోడౌన్ తాళం తియ్యకముందే గుమాస్తా వచ్చి, సరుకు కనపడలేదు కాబట్టి అసలు లేదని కొట్టేసినట్టయింది కంప్యూటర్ పని. డబ్బా ఇంకా లేవలేదు, ఫోల్డర్ ఖాళీగా కనిపించింది, జాబితా మొత్తం తుడిచేసింది. "టీ తర్వాత తాగితే ఏం పొయ్యేది?" అని అరిచాను. "నీ డబ్బాకి నా టీకి ఏందిరా సంబంధం!" అని అమ్మీ అంతకంటే గట్టిగా అరిచింది.

అన్నీ ఆపేశాను. ముందు డబ్బా ఆన్ చేసి, అది పూర్తిగా లేచిందాకా ఆగి, అప్పుడు కంప్యూటర్ ఆన్ చేశాను. ఫోల్డర్ తెరుచుకుందని చూసుకుని, మళ్ళీ మొదటి నుంచి వెతకమన్నాను. టీవీలో చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. మధ్యలో ఆగుతుందేమోనని దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఒక్కొక్కటిగా అక్క మొహాలు రావడం మొదలైంది. పిల్ల కళ్ళు తుడుచుకుని రిమోట్ లాక్కుని, మొదట కనిపించిన బొమ్మ నొక్కింది.

అది నేను ఎప్పుడూ పిల్ల కంటబడనివ్వని వీడియో. కువైట్ వెళ్ళిన కొత్తలో తీసింది. సలాం చెప్పబోయి, నవ్వబోయి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని అక్క వెక్కి వెక్కి ఏడుస్తుంది. పొరపాటున పంపి, "పిల్లకి చూపించొద్దు, తీసెయ్" అని వెంటనే మెసేజ్ పెట్టింది. తియ్యడానికి నాకు చెయ్యి రాక, టీవీలో కనపడకుండా దాచిపెట్టాను. దాచిన గుర్తు ఉండేది డబ్బాలో కాదు, కంప్యూటర్ జాబితాలో. జాబితాతో పాటు అదీ పోయింది.

రిమోట్ కోసం ఎగబడ్డాను. అది సోఫా కింద పడింది. నేను తీసి ఆపేలోపు పిల్ల అంతా చూసేసింది. ఏడవలేదు. అన్నం మాత్రం తినలేదు. అక్క వద్దని చెప్పిన ఒక్క పనే జరిగిపోయింది. శుక్రవారం దాకా ఆమెకు చెప్పే ధైర్యం చాలలేదు. పిల్ల ఇప్పుడు ఫోన్ వైపు చూడను కూడా చూడదేమోనని నాకు తిండి సయించలేదు.

శుక్రవారం కాల్ వచ్చింది. అక్క ఎప్పట్లాగే నవ్వు మొహంతో ఉంది. నేను ఏదో మొదలుపెట్టబోతుంటే పిల్ల నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. రెండు చేతులతో పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, అక్క మొహంలోకి చాలాసేపు చూసింది.

"అమ్మీ, ఏడుపు తగ్గినాదా?"

అక్క కళ్ళు ఫోన్‌లోంచి నా కోసం వెతికాయి. నేను తల తిప్పుకున్నాను. ఆమె నవ్వబోయింది గానీ కుదరలేదు.

"ఇంకా తగ్గలా, తల్లీ" అంది.