కోతులు భయపడిన దగ్గు

ఆ రోజుల్లో మా ప్రత్తిపాడు కోతులకు మనుషులంటే కాస్త భయం ఉండేది, ముఖ్యంగా మా నాన్న దగ్గంటే. ఇరవై రెండేళ్లు మిరపకాయల కొట్టులో కాటా దగ్గర నిలబడి సంపాదించుకున్న దగ్గు అది. మూడు పొడి దగ్గులు, కాస్త ఆగి ఒక పెద్ద దగ్గు. నాలుగోదానికి మా పెంకుటింటి మీద ఒక్క కోతి మిగిలేది కాదు. (జామచెట్టు కాపుకొచ్చిందంటే పక్కింటి అత్తయ్య గోడ మీంచి, "అన్నయ్యగారూ, ఒకసారి ఇటొచ్చి దగ్గి వెళ్లండి" అని పిలిచేది.)

నాన్న వైశాఖంలో పోయారు. నాకప్పుడు పదిహేడేళ్లు. పెద్దకర్మ అయిన మర్నాడే పద్నాలుగు కోతులు దిగాయి, నాలుగు పిల్లలతో కలిపి. తొమ్మిది రోజుల్లో అరవై మూడు పెంకులు పగిలాయి. కన్నాలన్నీ అమ్మ పడుకునే మూలగది పైనే. తొలకరి దగ్గర పడింది, పెంకులు నేసే మనిషి దొరకలేదు, అమ్మేమో ఆ గది వదలదు, నోరు విప్పదు. మంచం జరుపుతానంటే గోడవైపు తిరిగింది. నేను డబ్బా వాయించాను. చూరుకు ఎండుమిరపకాయల దండలు కట్టాను. (వాటికి మిరపకాయలు కొత్తా? అవీ గుంటూరు కోతులే.)

పదో రోజు మధ్యాహ్నం విసుగెత్తి, పెరట్లో నిలబడి, గొంతు బొంగురు చేసుకుని నాన్నలా దగ్గాను. కోతులన్నీ తలలెత్తాయి. పెద్దది నన్ను ఎగాదిగా చూసింది. నమ్మలేదనే నా అనుమానం, అయినా గోడ దూకింది. మిగతా పదమూడూ దాని వెనకే. ఎందుకైనా మంచిదని మరో రెండు విడతలు దగ్గి, గెలిచానని నవ్వుతూ వెనక్కి తిరిగేసరికి గడపలో అమ్మ, చేతిలో వేణ్ణీళ్ల గ్లాసుతో. నాన్న దగ్గినప్పుడల్లా తెచ్చినట్టే తెచ్చేసింది. నన్ను చూశాక ఆ గ్లాసు ఏం చేయాలో తెలియక అలాగే నిలబడిపోయింది. నా నవ్వు ఎక్కడ దాచుకోవాలో నాకూ తెలియలేదు.

"చివర్న గొంతు సవరించుకునేవారు," అంది అమ్మ. "అది మరిచిపోయావు. ఇదిగో, తాగు."

ఆ సాయంత్రం ఇద్దరం కలిసి కన్నాల మీద తాటాకులు కప్పాం. తొలకరి దాకా రోజుకు రెండుసార్లు నేను దగ్గేదాన్ని, అమ్మ గడపలో నిలబడి తప్పులు దిద్దేది. పెంకుల లెక్క అరవై మూడు దగ్గరే ఆగింది.

ఇప్పుడు నాకు డెబ్బై నాలుగు. ఇల్లు డాబా అయింది, దగ్గు నటించాల్సిన పనీ లేదు, ఈ చలికాలం దానంతటదే వచ్చింది. ఈ కాలపు కోతులు మాత్రం కదలవు, నీళ్ల ట్యాంకు మీద కూర్చుని ఆసాంతం వింటాయి. మూడు, ఆగి ఒకటి, చివర్న గొంతు సవరింపు. అన్నీ లెక్కప్రకారం అయ్యాక ఒకసారి గడపకేసి చూసి, నా బుద్ధికి నేనే నవ్వుకుని, వేణ్ణీళ్లు కాచుకోవడానికి లేస్తాను.