గాజు గది తలుపు తీసిందెవరు?

పోయిన వారం మా మనవరాలు బెంగుళూరు నుంచి హిందూపురం వచ్చింది. వచ్చిన రోజు నుంచీ ఫోను వదలకుండా కూర్చుంటే, ఈ కాలం పిల్లలకు ఇదొక తపస్సు కాబోలనుకుని నేను వరండాలో చెనిక్కాయలు వలుచుకుంటూ ఉన్నాను. ఉన్నట్టుండి అది పకపకా నవ్వి, పాత సీరియళ్ల పిచ్చి ఉన్నవాళ్లంతా కలిసి ఫోనులో ఒక గుంపు పెట్టుకున్నారనీ, అందులో ఇప్పుడు ఒకటే గొడవ జరుగుతోందనీ, తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఎవరికి వారు భీష్మించుకున్నారనీ చెప్పింది. ఏమిటే ఆ గొడవ అంటే, మా కాలంలో ఢిల్లీ నుంచి వచ్చిన ఒక హిందీ సీరియల్లో, గాజు గదిలో కూర్చుని రాబోయే కాలానికి వెళ్లిపోయిన శాస్త్రవేత్త చివరికి ఇంటికి ఎలా వచ్చాడన్నదట. ఆ గది తలుపు దానంతటది మూసుకుంటుంది గానీ, తెరవాలంటే బయటినుంచి తాళం తీయాల్సిందే. ఉన్నది ఒకే తాళంచెవి, అది లోపల కూర్చున్న ఆయన కోటు జేబులోనే ఉంది. మరి తలుపు తీసిందెవరు?

నేను తలెత్తకుండానే, ఆయన కూతురు తీసిందిలే, అన్నాను.

పిల్ల నా వంక వింతగా చూసింది. అలాంటి సన్నివేశమే సీరియల్లో లేదనీ, సీరియల్ తీసినవాళ్లే ఆ సంగతి మరిచిపోయారనీ, అది పెద్ద లొసుగని అందరూ ఒప్పుకున్నారనీ అంది. నాకు ఒళ్లు మండింది. ధర్మవరంలో మా అత్త కళ్లారా చూసిన దాన్ని లేదంటావా, నేను నిండు రైలు పెట్టెలో నా మాట పణంగా పెట్టిన దాన్ని లేదంటావా అని గట్టిగానే తగులుకున్నాను. అది వెంటనే ఫోనులో ఆ ఆఖరి భాగం వెతికి నా చేతికిచ్చింది. చూశాను. శాస్త్రవేత్త వాకిట్లోంచి నడిచి వస్తాడు, కూతురు పరుగెత్తుకొచ్చి కావలించుకుంటుంది, వెనక ఒక పాట, అంతే. తాళంచెవీ లేదు, తలుపూ లేదు. మా అత్త చెప్పిన ముసలావిడ అసలే లేదు. ఇన్నేళ్లుగా నా కళ్లతో చూసినంత స్పష్టంగా గుర్తున్న ముఖం ఏ బొమ్మలోనూ లేదని తెలిసి ఆ భాగం మళ్లీ మొదటినుంచి పెట్టమన్నాను.

నా ఈడు వాళ్లకు ఆ రోజులు విడమరిచి చెప్పక్కర్లేదు. ఉన్నది ఒకటే ఛానలు, వీధికి ఒకటో రెండో టీవీలు, గాలివాటానికి పక్కకు తిరిగే యాంటెన్నాలు, వాటిని సరిచేయడానికి మిద్దె మీదికి ఒకరు, కింద వాకిట్లో నిలబడి వచ్చింది, పోయింది అని అరిచేవాళ్లు ఇంకొకరు. దానికి తోడు కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. పైగా సీరియలేమో హిందీలో. మా హిందూపురంలో ఉర్దూ మాట్లాడే ఇరుగుపొరుగు పుణ్యమా అని మాకు సగం అర్థమయ్యేది, మిగతా సగం ముఖాలు చూసి కట్టుకునేవాళ్లం. అందుకే కథలో ఎక్కడ లొసుగు కనిపించినా మేము సీరియల్ను తప్పు పట్టేవాళ్లం కాము. కరెంటు పోయినప్పుడు అది జరిగిపోయి ఉంటుంది, లేదా హిందీలో చెప్పేసి ఉంటారు, మనకే తెలియలేదు అనుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఢిల్లీవాళ్లు తప్పు చేస్తారన్న ఊహే మాకు లేదు.

అప్పుడు నాకు ధర్మవరంలో టైపిస్టుగా కొత్తగా ఉద్యోగం వచ్చింది. పొద్దున పాసింజరులో పోవడం, సాయంత్రం మళ్లీ అదే పాసింజరులో రావడం. హిందూపురంలో ఎక్కేవాళ్లూ పెనుకొండలో ఎక్కేవాళ్లూ ఏళ్ల తరబడి ఒకే పెట్టెలో కూర్చుని ఒక కుటుంబంలా ఉండేవారు. అందులో నేను చివరగా వచ్చి చేరినదాన్ని కనుక నా మాటకు విలువ లేదు, నాకు కూర్చోవడానికి చోటూ లేదు, తలుపు దగ్గర నిలబడి వచ్చేదాన్ని. ధర్మవరం హైస్కూలులో హిందీ చెప్పే మాస్టారు ఆ పెట్టెకు పెద్ద. అందరూ ఆయన్ను మామా అనేవారు. కిటికీ పక్క సీటు ఆయనది, ఎవరూ కాదనరు. ఆయనకు ఎదురుగా, పెనుకొండలో ఎక్కే నర్సు అక్క కూర్చునేది. ధర్మవరంలో ఆసుపత్రి ఉద్యోగం, ఆదివారం పొద్దున ప్రార్థనకు పోవాలి కనుక సీరియల్ ఎప్పుడూ సగం నుంచే చూసేది. సోమవారం వచ్చిందంటే ఆ పెట్టెలో మామ హిందీ మాటలకు అర్థం చెప్పడం, అక్క తాను చూడని సగం అడగడం, హిందూపురం వాళ్లు చూసింది పెనుకొండ వాళ్లు చూడలేదని వాదించడం, వీటితోనే ధర్మవరం వచ్చేసేది.

ఆ సీరియల్ ఆఖరి భాగం వచ్చే ఆదివారం తెల్లవారుజామున గాలీవానా వచ్చి మా ఊళ్లో కరెంటు పోయింది. వీధి వీధంతా చీకటి టీవీ ముందు కూర్చుని ఎదురుచూసి లేచిపోయాం. మరుసటి పొద్దున రైలెక్కితే పెనుకొండదీ అదే కథ. పెట్టెలో ఎవరి ముఖంలోనూ కళ లేదు. తలుపు తీసిందెవరో ఇక ఈ జన్మకు తెలియదని మామ నిట్టూర్చారు. నాకేం పుట్టిందో, తలుపు దగ్గరినుంచే గొంతెత్తి, ధర్మవరంలో మా మేనత్త వాళ్లింట్లో టీవీ ఉందనీ, వాళ్లు చూసే ఉంటారనీ, సాయంత్రానికల్లా కథంతా తెచ్చి చెబుతాననీ అనేశాను. అందరూ నా వైపు తిరిగారు. ఆ పెట్టెలో అందరూ ఒక్కసారిగా నా వైపు తిరగడం అదే మొదలు. అన్న తర్వాత భయం పట్టుకుంది. అత్త చూసి ఉండకపోతే, గప్పాలు కొట్టే పిల్లగా ముద్ర పడి ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ తలుపు దగ్గరే నిలబడాలి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసు నుంచి పరుగున అత్త వాళ్లింటికి పోయాను. అత్త గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుని, తెగిన పోగులు అతుకుతోంది. పట్టుపోగు తెగితే రెండు కొసలు వేళ్ల మధ్య పెట్టి నలిపి కలిపేస్తుంది, చీర పూర్తయ్యాక అతుకు ఎక్కడుందో నేసిన ఆమెకే తెలియదు. నేను ఆయాసపడుతూ సంగతంతా చెప్పి, సాయంత్రం ఉత్త చేతులతో పోతే నా పరువు పోతుందని ఏడుపు గొంతుతో అన్నాను. అత్త పని ఆపకుండా ఇంకో రెండు పోగులు అతికి, తర్వాత కథ చెప్పింది.

నాయన దూరం పోతాడని ఆ బిడ్డకు ముందే తెలిసిపోయిందట. ఆయన కోటు జేబులోని తాళంచెవి తీసి, దాని చోట బీరువా తాళంచెవి పెట్టిందట. ఆయనకు ఆ సంగతి తెలియదు. రాబోయే కాలంలో గాజు గది ఆగితే బయట తలవెంట్రుకలు నెరిసిన ఒక ముసలావిడ నిలబడి, అరిగిపోయిన తాళంచెవితో తలుపు తీసిందట. ఎవరమ్మా నువ్వని ఆయన అడిగితే, నీకోసం కూర్చున్న నీ బిడ్డనే నాయనా అందట.

సాయంత్రం రైల్లో మామ నన్ను పిలిచి, మీ అత్త కళ్లారా చూసిందా అని అడిగారు. చూసిందన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుని, పక్కనున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, అయితే ఇట్లా కూర్చుని చెప్పు అన్నారు. కిటికీ పక్కనే. నేను చెప్పాను. ముగిసేసరికి పెనుకొండ వచ్చింది. నర్సు అక్క కొంగుతో కళ్లొత్తుకుని, దిగబోతూ, మరి కూతురు ముసలిదైపోతే ఆయన ఏ కూతురి దగ్గరికి తిరిగి వచ్చాడో రేపు మీ అత్తను అడిగి రమ్మంది.

అలా మొదలైంది. రోజూ పెట్టెలో ఒక ప్రశ్న, రోజూ మధ్యాహ్నం అత్త దగ్గర ఒక జవాబు. ఆ ముసలావిడే తాళంచెవి నాయన చేతిలో పెట్టి, వెనక్కి పో, చిన్న నేను ఇంకా వాకిట్లోనే కూర్చుని ఉన్నానని పంపిందట. అలాగైతే తాళంచెవులు రెండు కావాలి కదా, ఆమె ఇచ్చిందొకటి, పిల్ల దాచుకున్నదొకటి అని మామ మడతపేచీ పెట్టారు. దానికి అత్త నవ్వింది.

“రెండు యాడివి అమ్మీ? నేను పెండ్లికూతురుగా వచ్చినప్పుడూ ఈ ఇల్లే, ఇప్పుడూ ఈ ఇల్లే. ఇండ్లు రెండయినాయా ఏంది? ఆ బీగంచెవీ అంతే. పోయి చెప్పు మీ మామకి.”

చెప్పాను. పెట్టె పెట్టెంతా చప్పట్లు కొట్టింది. ఆ వారం నుంచి కిటికీ పక్క చోటు మామదీ నాదీ అయింది. పెళ్లయి ఉద్యోగం మారేదాకా నేను మళ్లీ తలుపు దగ్గర నిలబడలేదు. ఆ పెట్టెలో నేను మాట్లాడటం నేర్చుకున్నాను, నలుగురిలో ఎదురు చెప్పడం నేర్చుకున్నాను. తర్వాతి రోజుల్లో ఆఫీసులో ఎందరు పెద్దవాళ్ల ముందు నిలబడాల్సి వచ్చినా బెదరలేదంటే ఆ పాసింజరు చలవే.

ఇదంతా విని మనవరాలు, పద అవ్వా పోదాం అంది. మరుసటి రోజే ధర్మవరం పోయాం. అత్తకు ఇప్పుడు చూపు మందగించింది గానీ మాట మాత్రం పదునుగానే ఉంది. ఫోనులో ఆఖరి భాగం పెట్టి చూపిస్తే, ముఖానికి దగ్గరగా పెట్టుకుని అంతా చూసి, ఇంతేనా అంది.

“ఆ పొద్దు మాకు మాత్రం కరెంటు యాడుండె అమ్మీ? ఊరంతా ల్యాదు. నువ్వేమో ఏడుపు ముఖం ఏసుకోని వస్తివి. ఉత్త చేతుల్తో ఎట్లా పంపేది?”

మరి ఆ తాళంచెవి సంగతి ఎక్కడిదని అడిగాను. అత్త మనవరాలి చెయ్యి పట్టుకుని నిమురుతూ చెప్పింది. తన చిన్నప్పుడు వాళ్ల నాయన, అంటే మా తాత, ట్రంకుపెట్టెలో చీరలు సర్దుకుని మడకశిర వైపు ఊళ్లు తిరిగి అమ్మేవాడట, పోతే ఎన్నాళ్లకు వస్తాడో తెలిసేది కాదట.

“పోయే పొద్దుకి ఆ పెట్టె బీగంచెవి నేను దాచిపెడ్తాంటి. బీగం రాకుంటే చీరలెట్ల అమ్మేది? ఇల్లంతా ఎతికి ఎతికి, బండి పాయెనని ఆ పొద్దుకి ఇంట్లోనే ఉంటాండె. నేను దాసినట్లు మా నాయనకి తెలుసు లే. తెలిసీ ఎతుకుతాండె.”

తిరుగు రైల్లో మనవరాలు ఫోనులో ఆ గుంపువాళ్లకు మా అత్త కథ రాసి పెట్టింది. పెనుకొండ దాటేలోపల జవాబులు వరదలా వచ్చాయి. ఇది ఏ భాషలో వచ్చింది, ఎక్కడ దొరుకుతుంది, ఇదే కదా అసలు ముగింపు అని దేశం నలుమూలల నుంచి అడుగుతున్నారు. మా ధర్మవరం అవ్వ నేసింది అని అది రాస్తుంటే, చూడండి, నా ఛాతీ ఉప్పొంగిందని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. అంతమంది చదువుకున్నవాళ్లు ఇన్నేళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్న లొసుగును మా పాసింజరు పెట్టె ఆ వారంలోనే దాటేసింది.

అప్పుడే ఆ గడుగ్గాయి నా కథలోనే లొసుగు పట్టింది. అవ్వా, ఆ పెట్టెలో వాళ్లందరూ ఆ రోజు పనిచేసి వచ్చింది ధర్మవరంలోనే కదా, ముందు రోజు ఊరంతా కరెంటు లేదని సాయంత్రానికి ఒక్కరికి కూడా తెలియకుండా ఉంటుందా, అంది.

నేను కిటికీ వైపు తిరిగాను. ఆఫీసులో కొత్తదాన్ని, నాతో ఎవరూ మాట్లాడేవారు కాదు, నాకు తెలియలేదు సరే. రోజంతా బడిలో పిల్లల మధ్య ఉన్న మామకు తెలియదా? ఆసుపత్రికి వచ్చినవాళ్లు చెప్పకుండా అక్క ఉందా? చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకోవడం, సంచి తీసి ఒళ్లో పెట్టుకోవడం, రేపు అడిగి రమ్మనడం, అన్నీ ఒక్కొక్కటిగా కళ్ల ముందుకు వచ్చాయి. మామ పోయి చాలా కాలమైంది, అక్క ఎక్కడుందో తెలియదు. అడగడానికి ఎవరూ మిగల్లేదు.

ఇప్పుడు అదే దారిలో అదే పాసింజరు పోతోంది. కరెంటు పోదు, ఎవరికి కావలసిన భాషలో వాళ్లకు కథ మొత్తం దొరుకుతుంది, పెట్టెలో అందరూ చెవుల్లో వైర్లు పెట్టుకుని ఎవరి బొమ్మ వాళ్లు చూసుకుంటున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. తలుపు దగ్గర ఒక అమ్మాయి భుజానికి సంచి తగిలించుకుని నిలబడి ఉంది, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది. నేను నా సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, ఇట్లా వచ్చి కూర్చో అమ్మీ అని పిలిచాను.